పడవ వాటా

తరుగుదల పాఠం చెప్పే రోజు నేను క్లాసులో ఎవర్నీ నవ్వనివ్వను. మిగతా రోజుల్లో నా అంత వాగుడుకాయ అమలాపురం మొత్తం మీద ఇంకోతి ఉండదు. అంకణా కుదరక, డెబిట్టుకీ క్రెడిట్టుకీ పొత్తు కలవని పిల్లని లేపి, "ఏమ్మా, తేడా వచ్చిన ఆ నూట ఇరవై జడలో గానీ పెట్టుకున్నావా?" అని అడుగుతాను. క్లాసంతా గొల్లుమంటుంది, ఆ పిల్లా నవ్వేస్తుంది. ఈ ఒక్క పాఠం దగ్గర మాత్రం నా మొహం చూసి వెనక బెంచీ వాళ్ళు కూడా నోరు మూసుకుంటారు. మేడమ్ గారికి ఇవాళ ఒంట్లో బాగాలేదేమో అనుకుంటారు. అనుకోనీ.

పాఠం కష్టమైనదేమీ కాదు. ఒక కంపెనీ యంత్రం కొంటుంది. వాడేకొద్దీ అది అరుగుతుంది, విలువ తగ్గుతుంది. ఆ తగ్గిందే తరుగుదల. కొన్న ధరలోంచి, చివర్లో తుక్కు కింద అమ్మితే వచ్చే ధర తీసేసి, మిగిలినదాన్ని అది పనిచేసే ఏళ్ళతో భాగిస్తే ఒక ఏడాది తరుగుదల వస్తుంది. ఆ తుక్కు ధరకి పుస్తకంలో గౌరవంగా 'అవశేష విలువ' అని పేరు పెట్టారు. ఏటా అంత డబ్బు పక్కన పెట్టుకుంటే యంత్రం మూలపడిన రోజున ఇంకోటి కొనుక్కోవచ్చు. పెట్టకపోతే లాభం వచ్చినట్టే కనిపిస్తుంది గానీ, మనం తింటున్నది యంత్రాన్నే. పరీక్షలో ఎనిమిది మార్కులకి తప్పకుండా వస్తుందని చెబుతాను, పిల్లలు తలలు వంచుకుని రాసుకుంటారు.

నేను ఈ పాఠం మొదటిసారి విన్నది రాజోలులో, ఇంటర్ రెండో ఏడాదిలో. అకౌంట్స్ చెప్పే మాస్టారు కొత్తపేట వైపు మనిషి. పదిహేడేళ్ళ పిల్లల్ని కూడా 'అండీ' అనేవారు, తిట్టేటప్పుడు కూడా. బోర్డు మీద రెండు లెక్కలు చేసి చూపించి, చేతికంటిన సుద్ద దులుపుకున్నారు.

"ఈ కంపెనీలు మనకెందుకండీ, మనకేమన్నా అన్నం పెడతాయా?" అన్నారు. "మీ ఇంట్లో పనిచేసే యంత్రం ఏదో ఒకటి ఉంటది కదండీ. దానికి కట్టుకు రండి తరుగుదల. సోమవారం చూస్తాను."

"ఆయ్," అన్నాం అందరం.

ముమ్మిడివరం నుంచి వచ్చి నాతో పాటు హాస్టల్లో ఉండే పిల్ల వాళ్ళ రొయ్యల చెరువులో నీళ్ళకి గాలి కొట్టే ఏరేటర్‌కి కడతానంది. ఇంకో అమ్మాయి వాళ్ళమ్మ కుట్టు మిషనుకి. నాకు ఆలోచించాల్సిన పనే లేదు. మాకు పడవ ఉంది.

మాది అంతర్వేది పక్కన, గోదారి సముద్రంలో కలిసే మొగకి దగ్గరగా ఉన్న పేట. నాన్న వేటకి వెళ్ళేవాడు. ఫైబరు బోటు, దానికి ఇంజను, వలలు అన్నీ మావే. నాన్నతో కలిపి ఐదుగురు ఎక్కేవారు. చేపలు ఒడ్డున పాట పెట్టి అమ్మగా వచ్చిన డబ్బులో డీజిలూ ఐసూ ఖర్చు తీసేసి, మిగిలింది ఎనిమిది వాటాలు వేసేవారు. మనుషులు ఐదుగురికి ఐదు. వలలకి ఒకటి. పడవకి రెండు. నాన్న మనిషీ, వలల యజమానీ, పడవ యజమానీ కాబట్టి నాలుగు వాటాలు మా ఇంటికి వచ్చేవి. పేటలో మమ్మల్ని నాలుగు వాటాల ఇల్లు అనేవారు, నాకు అది వినడం మహా ఇష్టంగా ఉండేది.

పడవ వాటా ఇంట్లో ఖర్చు పెట్టకూడదని మా నాయనమ్మ పెట్టిన కట్టడి. ఆవిడకి అక్షరమ్ముక్క రాదు. "అది పడవ కష్టవే. పడవకే ఉండాలి. మనం తింటే దాని కూడు మనం తిన్నట్టు," అనేది. కువైట్ నుంచి వచ్చిన మేనత్త తెచ్చిన పెద్ద పాలపొడి డబ్బా ఒకటి ఉండేది మా ఇంట్లో. పాలపొడి మేం తినేశాం, డబ్బాలో నాయనమ్మ పడవ వాటా వేయడం మొదలుపెట్టింది. అది నిండినప్పుడల్లా బ్యాంకులో కట్టి, మళ్ళీ ఖాళీ డబ్బా తెచ్చి అటక మీద పెట్టేది. మా పాత చెక్క పడవ పోయాక ఆ డబ్బుతోనే ఈ ఫైబరు బోటు వచ్చింది. కొత్త బోటు నీళ్ళల్లో దిగడం చూసి ఆ ఏడాదే ఆవిడ వెళ్ళిపోయింది. డబ్బా నాన్న చేతికి వచ్చింది. అప్పటికి నేను ఆరో తరగతి.

ఆ ఆదివారం హాస్టలు నుంచి ఇంటికి వచ్చి, పొడుగు నోటుబుక్కు పట్టుకుని ఒడ్డుకి వెళ్ళాను. పడవ పొద్దున్నే వచ్చేసింది. పాట అయిపోయింది. నాన్న ఇసకలో తువ్వాలు పరిచి వాటాలు వేస్తున్నాడు. ఎప్పటిలాగే పడవ వాటాలు రెండూ ముందు పెట్టి, వాటి మీద గవ్వ ఒకటి బరువుగా ఉంచాడు. చుట్టూ మిగిలిన నలుగురూ గొంతుక్కూర్చున్నారు.

"నాన్నా, పడవ ఎంతకి కొన్నాం?"

"ఇంజనుతో కలిపి నాలుగు లక్షలు. ఎందుకమ్మా?"

"లెక్క. ఎన్నేళ్ళు పనిచేస్తది?"

"చూసుకుంటే పదేళ్ళు."

"పదేళ్ళ తర్వాత తుక్కు కింద అమ్మితే ఎంతొస్తది?"

"ఓసి నీ దుంపతెగ!" అని అరిచాడు వరసకి బాబాయి అయ్యే ఆయన. ఆయన నాన్న పడవలో ఎప్పట్నుంచో ఉన్నవాడు. "గంగమ్మ ఒడ్డున నిలబడి పడవ తుక్కు మాట అంటావేంటే!"

నాన్న మాత్రం నవ్వాడు. "చదువు మాట లేరా," అని, కాసేపు ఆలోచించి, "నలభై వేలు వేసుకోమ్మా," అన్నాడు.

అక్కడే ఇసకలో కూర్చుని కట్టాను. నాలుగు లక్షల్లోంచి నలభై వేలు తీసేస్తే మూడు లక్షల అరవై వేలు. పదేళ్ళతో భాగిస్తే ఏడాదికి ముప్పై ఆరు వేలు. నెలకి సరిగ్గా మూడు వేలు. చదివి వినిపించాను. బాబాయి నోరు తెరిచాడు. "పడవకి నెల జీతం కట్టేసింది అన్నయ్యా నీ కూతురు," అన్నాడు. నాన్న మొహంలో గర్వం స్పష్టంగా కనిపించింది. అక్కడితో లేచి వచ్చేసి ఉంటే ఎంత బాగుండేది!

నేను ఆగలేదు. నలుగురూ మెచ్చుకుంటుంటే ఇంకాస్త చూపిద్దామనిపించింది. "పడవ కొని ఆరేళ్ళయింది. ఆరు ముప్పై ఆర్లు రెండు లక్షల పదహారు వేలు. డబ్బాలో అంత ఉండాలి. ఉందా నాన్నా?"

నాన్న చేతిలో నోట్లు సర్దుకుంటూ ఉండిపోయాడు.

"ఎంతుంది?"

"తర్వాత మాట్లాడుకుందాంలే అమ్మా."

నాకు తిక్క రేగింది. చిన్నప్పట్నుంచీ అంతే, జవాబు దొరక్కపోతే నాకు ఒళ్ళు మండుతుంది. "తర్వాతేంటి? బ్యాంకు పుస్తకంలో లేదు, నేను చూసేను. మరి ఎక్కడికెళ్ళింది? నాయనమ్మ ఉంటే ఒక్క పైసా కదిలేదా? ఎవరికిచ్చేవు? తాగేవా?"

మా నాన్న పండగకి కూడా చుక్క ముట్టని మనిషి. అది ఆ నలుగురికీ తెలుసు, నాకూ తెలుసు. నోట్లోంచి వచ్చేసింది. బాబాయి తల తిప్పి సముద్రం వైపు చూశాడు. మిగిలిన ముగ్గురూ అటే చూశారు. నాన్న గవ్వ తీసి పక్కన పెట్టి, పడవ వాటా మడిచి చొక్కా జేబులో వేసుకున్నాడు.

"ఉందమ్మా," అన్నాడు నెమ్మదిగా. "డబ్బాలోనే ఉంది. వెళ్ళి చూసుకో."

విసురుగా ఇంటికి వచ్చాను. అమ్మ వాకిట్లో చేపలు ఆరబెడుతోంది. ఆవిడతో మాట్లాడకుండా లోపలికి వెళ్ళి, స్టూలెక్కి, అటక మీద డబ్బా అందుకున్నాను. ఎంత బరువుందో! రెండు చేతులూ కిందికి జారిపోయాయి. నాకు ఒక్కసారిగా ప్రాణం లేచొచ్చింది. ఇంత బరువుంటే ఉన్నట్టే. పాపం నాన్నని అనవసరంగా అన్నాను, బ్యాంకులో వేయకుండా ఇంట్లోనే దాచాడు కాబోలు, వెళ్ళి సారీ చెప్పాలి అనుకుంటూ మూత తీశాను.

డబ్బాలో సీసం గుళ్ళు ఉన్నాయి. వల అడుగు నీళ్ళల్లో మునగడానికి దాని అంచు తాడుకి కడతారే, అవి. అంచు దాకా అవే. పక్కన రబ్బరు బ్యాండు వేసిన కొన్ని వంద నోట్లు.

అమ్మ నా వెనక వచ్చి నిలబడింది. నేను ఏమీ అడగకముందే చెప్పింది. పడవ డబ్బులోంచి వెయ్యి తీసినప్పుడల్లా నాన్న ఒక గుండు వేస్తాడట. కాయితం మీద రాస్తే పోతుందని, ఎలకలు కొడతాయని. "పడవ దగ్గర తీసుకున్నాం, పడవకి ఇచ్చేయాలి, గుర్తుండాలి అంటారు మీ నాన్న."

నేను నేల మీద కుమ్మరించి లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

"లెక్కపెట్టకే," అంది అమ్మ.

నేను వినలేదు. పదేసి చొప్పున పేర్చాను. పద్నాలుగు వరసలు వచ్చాయి. నూట నలభై గుళ్ళు, లక్షా నలభై వేలు.

"ఇన్నెందుకు తీసేరే? ఎవరికోసం?"

అమ్మ కూర్చుని గుళ్ళు ఒక్కొక్కటీ మళ్ళీ డబ్బాలో వేస్తూ, "అన్నీ నీవే," అంది.

ఏడో తరగతిలో నన్ను రాజోలు ప్రైవేటు స్కూల్లో వేశారు. ఫీజు, స్కూలు బస్సు, రెండు జతల యూనిఫాం, నల్ల బూట్లు, తెల్ల బూట్లు. పదో తరగతిలో ట్యూషను. ఇంటర్లో ఫీజూ హాస్టలూ. పేటలో మా ఈడు ఆడపిల్లలు గవర్నమెంటు బడికి నడిచి వెళ్తుంటే నేను పసుపు బస్సెక్కి వెళ్ళాను, కిటికీ పక్క సీటు కోసం దెబ్బలాడాను కూడా. ఆ డబ్బు ఎక్కడిదని ఒక్కసారైనా అడగలేదు. నాలుగు వాటాల ఇల్లు కదా, ఉంటాయి అనుకున్నాను. ఆరేళ్ళూ పడవ కూడు నేనే తిన్నాను.

మధ్యాహ్నం నాన్న వచ్చాడు. ముగ్గురం అన్నానికి కూర్చున్నాం. నాన్న ఎప్పటిలాగే తన కంచంలో పండుగప్ప ముక్క తీసి నా కంచంలో వేశాడు.

"లెక్క కుదిరిందా అమ్మా?"

"కుదిరింది," అన్నాను.

సారీ చెప్పలేదు. ముక్కలో ముళ్ళు ఏరుకుంటూ కూర్చున్నాను. అమ్మ నా వైపు ఒకసారి చూసి చారు వడ్డించింది.

సోమవారం మాస్టారు నా లెక్క చూసి పేజీ నిండా పెద్ద టిక్కు పెట్టారు. "ఈ అమ్మాయి లెక్క చూడండీ అందరూ! లెక్కంటే ఇలా ఉండాలండీ," అని నా చేత బోర్డు మీద చేయించారు. చివర్లో, "మరి ఈ నెలకి మూడు వేలూ మీ నాన్నగారు ఎక్కడ దాస్తన్నారమ్మా?" అని అడిగారు.

"డబ్బాలో ఉందండీ," అన్నాను.

"శభాష్," అన్నారు మాస్టారు. నా చెంప ఛెళ్ళుమన్నట్టయింది.

ఆ వారం ఇంటికి వెళ్ళి, చదువు ఆపేస్తాను, ఇంక ఆ డబ్బు ముట్టుకోవద్దు అన్నాను. అన్నానంతే. నాన్న మానొద్దన్నాడు, నేను రెండోసారి అనలేదు. ఇక్కడ నా గొప్పతనం ఏమీ లేదు. చదవాలని ఉంది, చదువుకున్నాను.

అప్పటికే ఇంజను నల్ల పొగ కక్కుతోంది. నరసాపురం మెకానిక్కు వచ్చి చూసి, "బోరుకొచ్చిందండీ, లోపల సిలిండరు అరిగిపోయింది. ఇప్పుడు చేయించుకుంటే ఇంకో ఐదేళ్ళు ఢోకా ఉండదు," అన్నాడట. ఏటా వేసవిలో సముద్రం మీదికి వెళ్ళనివ్వని వేట నిషేధం రెండు నెలల్లో చేయిద్దాం అనుకున్నాడు నాన్న. ఆ రెండు నెలల్లోనే నా హాస్టలు బాకీ కట్టాలి, పరీక్ష ఫీజు కట్టాలి. వచ్చే ఏడాది చూద్దాంలే అనుకున్నాడు. ఇదంతా నాకు తర్వాత బాబాయి చెప్పాడు, నన్ను సాధించడానికి కాదు, మాటల మధ్యలో.

నేను అమలాపురంలో డిగ్రీ రెండో ఏడాదిలో ఉండగా ఇంజను మొగ దగ్గర ఆగిపోయింది. పోటు మీద ఉంది నీరు. ఇంకో పడవ వాళ్ళు చూసి తాడు వేసి లాక్కొచ్చేలోపు మా పడవ ఇసక దిబ్బకి గుద్దుకుని పక్క పగిలింది. ఐదుగురూ క్షేమంగా వచ్చారు. పడవ మళ్ళీ నీళ్ళల్లో దిగలేదు. పదేళ్ళు వేసుకున్నాను నోటుబుక్కులో. ఎనిమిదేళ్ళకే అయిపోయింది.

కొత్త ఇంజను వేయించి పడవకి అతుకులు వేయించే డబ్బు డబ్బాలో లేదు. గుళ్ళు ఉన్నాయి. నాలుగు నెలలు అలాగే ఒడ్డున ఉంచి, ఒక రోజు తుక్కు వాళ్ళకి అమ్మేశాడు నాన్న. నేను సెలవులకి వచ్చి ఉన్నాను. ముక్కలు చేసి లారీకి ఎక్కిస్తుంటే అమ్మ ఇంట్లోంచి బయటికి రాలేదు. నాన్న మాత్రం చివరి ముక్క ఎక్కేదాకా నిలబడి, ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కున్నాడు.

"ముప్పై ఎనిమిది ఇచ్చేరమ్మా," అన్నాడు. "నలభై కట్టేవు కదా నువ్వు. నీ లెక్క రెండు వేలు తప్పింది."

నన్ను నవ్వించడానికి అన్నాడు. నేను లోపలికి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చాను.

మర్నాటి నుంచి నాన్న వేరే వాళ్ళ పడవ ఎక్కాడు. ఒక్క వాటా మనిషి. నేను ఒకరోజు ఒడ్డుకి క్యారేజీ తీసుకెళ్ళినప్పుడు చూశాను. ఆ యజమాని కుర్రాడు, నాన్న కంటే పదిహేనేళ్ళు చిన్న. వాటాలు వేస్తూ ముందు మనుషుల కుప్పలు పెట్టాడు. "పడవది ముందు పెట్టాలి బాబూ," అన్నాడు నాన్న. ఆ కుర్రాడు, "ఆయ్ ఆయ్, తెలుసులెండి బాబాయిగారూ," అని నవ్వేశాడు గానీ పెట్టలేదు. నాన్న తన వాటా తీసుకుని లేచాడు.

ఆ తర్వాత రాజమండ్రిలో పీజీ చదివాను. సీటు రాగానే చేరడానికి, హాస్టలుకి, పుస్తకాలకి డబ్బు సిద్ధంగా ఉంది. ఒక్క వాటా ఇంట్లో అంత డబ్బు ఎక్కడిది? కామర్స్ చదివినదాన్ని, వరసగా ఫస్టు క్లాసు తెచ్చుకున్నదాన్ని, అప్పుడూ అడగలేదు. సిగ్గుగా ఉంది ఇది రాస్తుంటే.

అమలాపురం ప్రైవేటు కాలేజీలో ఉద్యోగం వచ్చిన నెల నాన్న పేరున బ్యాంకు ఖాతా తెరిచాను. ఇంటర్ నాటి ఆ పొడుగు నోటుబుక్కు నా దగ్గరే ఉంది. అందులో కొత్త పేజీ తిప్పి, నేను లెక్కపెట్టిన నూట నలభైకి, ఆ తర్వాత డిగ్రీ దాకా పడినవని అమ్మ చెప్పిన ఇరవై కలిపి, పైన నూట అరవై అని వేశాను. జీతంలోంచి ఒక నెల రెండు వేలు, ఒక నెల నాలుగు, సెలవుల్లో జీతం ఇవ్వని నెలల్లో సున్నా. కట్టినప్పుడల్లా ఫోను చేసి చెప్పేదాన్ని. "నాన్నా, మూడు తియ్యి." "ఆయ్, తీసేనమ్మా," అనేవాడు. తీసిన గుళ్ళు వలలకి కట్టేవాడు. అప్పటికి భుజం పట్టేసి వేటకి వెళ్ళడం మానేశాడు. పేటలో వాళ్ళ వలలు బాగుచేసి ఇస్తున్నాడు.

నా ఉద్దేశం అప్పు తీర్చడం కాదు. పడవ కొనివ్వాలి. మళ్ళీ నాలుగు వాటాల ఇల్లు అవ్వాలి. ఒడ్డున నేనన్న మాటకి అదే జవాబు అనుకున్నాను. మాటతో చెప్పలేకపోయినదాన్ని, పడవతో చెబుదామనుకున్నాను. నాలుగేళ్ళు పైన పట్టింది. నూట అరవయ్యోది కట్టేసిన నెల, పాత ధరకి తక్కువైంది లోను పెడితే చాలనుకుని పడవల ధర వాకబు చేశాను. అలాంటి బోటు, ఇంజనుతో ఇప్పుడు ఎనిమిది లక్షలు. నేను పాఠం చెప్పేటప్పుడు పిల్లలకి ఎన్నిసార్లు చెప్పాను, తరుగుదల కొన్న ధర మీద కడతాం గానీ రేపు కొనబోయే ధర మీద కట్టం అని! నాకే తట్టలేదు. సరే, లోను ఇంకా పెద్దది పెడతాను అనుకుని ఆదివారం బస్సెక్కాను.

నాన్న పాకలో వల పరుచుకుని కూర్చున్నాడు. బ్యాంకు పుస్తకం ఆయన ఒళ్ళో పెట్టాను. లక్షా అరవై వేలు. వేలితో అంకెలు తడుముకుంటూ చూశాడు.

"లోను పెడతాను నాన్నా. బోటు కొందాం."

"ఎవరు తోల్తారమ్మా?" అన్నాడు. కుడి చెయ్యి పైకెత్తి చూపించాడు. భుజం దాకా కూడా లేవలేదు. నా మీద కోపంగా అనలేదు, ఉన్నమాట చెప్పాడు. నాలుగేళ్ళు పడవకి లెక్క కట్టుకుంటూ పోయాను గానీ, ఈ చెయ్యి ఎప్పుడు ఇలా అయిందో నేను చూడనేలేదు.

ఏదో ఒకటి చెయ్యాలి కాబట్టి లోపలికి వెళ్ళాను. ఖాళీ డబ్బా ఒకసారి చూద్దామనిపించింది. స్టూలెక్కి అందుకున్నాను. చేతులు కిందికి జారాయి. పూర్వమంత కాదు గానీ బరువుంది. మూత తీస్తే సీసం గుళ్ళు.

నాకు చర్రున కోపం వచ్చింది. "నాన్నా! తియ్యమన్నప్పుడల్లా తీసేనని అబద్ధం చెప్పేవా?" అని అరుచుకుంటూ డబ్బా పాకలోకి తెచ్చి ఆయన ముందు పెట్టాను.

"తీసేనమ్మా. నువ్వు చెప్పినవన్నీ తీసేను. అవి వేరు."

వల మీద కుమ్మరించి లెక్కపెట్టాను. పదేసి చొప్పున మూడు వరసలు వచ్చాయి, ఎనిమిది మిగిలాయి. ముప్పై ఎనిమిది.

ఆ అంకె నాకు తెలుసు. లారీ వెళ్ళిపోయిన రోజున కాళ్ళు కడుక్కుంటూ చెప్పాడు. ఆ డబ్బుతోనే నేను రాజమండ్రిలో చేరాను.

"అది పడవ అమ్మిన డబ్బు కదా నాన్నా. పడవే లేదు. ఇంక ఎవరి దగ్గర తీసుకున్నట్టు?"

"పడవ దగ్గరే," అన్నాడు. "పోయేక కూడా ఇచ్చింది కదమ్మా అది. మర్చిపోతే ఎలాగ?"

అప్పుడు చెప్పాను. పదేళ్ళకి పైగా గొంతులో ఉన్నది చెప్పాను. "ఆ రోజు ఒడ్డున, అందరి ముందూ, తాగేవా అని అడిగేను నాన్నా." ఇంకేదో అనబోయాను, ఏడుపు వచ్చేసింది. నాన్న వలలోంచి చెయ్యి తీసి నా తల మీద పెట్టాడు, ఎడమ చెయ్యి.

"నాకు నీ లెక్కే గుర్తుందమ్మా," అన్నాడు. "నెలకి మూడు వేలు. మీ బాబాయి నోరు తెరిచేడు."

ఆ ముప్పై ఎనిమిదీ కూడా కట్టేస్తాను, ఏడాదిలో అయిపోతుంది అన్నాను, కళ్ళు తుడుచుకుంటూ. ఆయన అప్పటికే గుళ్ళు ఒక్కొక్కటీ తిరిగి డబ్బాలో వేస్తున్నాడు.

"వీటిని ఉండనీ. ఇవి కూడా తీసేస్తే డబ్బా తేలికైపోద్ది. మీ అమ్మ అందులో కందిపప్పు పోసేస్తది."

"పోస్తాను, ఎందుకు పొయ్యనూ!" అంది అమ్మ వాకిట్లోంచి.

నేను స్టూలెక్కి డబ్బాని అటక మీద, ఎప్పుడూ ఉండే చోటే పెట్టాను. సాయంత్రం బస్సులో నోటుబుక్కు తీసి, నూట అరవై కొట్టేసి, దాని కింద ముప్పై ఎనిమిది అని రాసుకున్నాను. పక్కన కట్టాల్సిన నెలలేవీ రాయలేదు. మర్నాడు క్లాసులో తరుగుదల పాఠం ఉంది.